‘ఆయ్’ ఎవరి మాట? ఒక వంటల చానెల్, ఒక పేరు, ఒక మనిషి: కేస్ స్టడీ

2023 నవంబరులో రాజమహేంద్రవరం నుంచి ఒక యువకుడు ఫోన్ చేసి, తన తల్లి ముఖంతో నడుస్తున్న వంటల చానెల్‌నూ, దాని వెన్నంటి పెరిగిన పచ్చళ్ళ వ్యాపారాన్నీ మళ్ళీ నిలబెట్టడానికి సలహా కావాలని అడిగాడు. చిన్న వ్యాపారాలకు పేరు, లేబులు, మాటతీరు కుదిర్చిపెట్టడం నా వృత్తి కనుక ఇందులో నాకు కొత్త ఏమీ ఉండదనుకున్నాను. కానీ ఆ ఫైలు మూసేనాటికి, వ్యక్తిగత బ్రాండింగ్ గురించి, అంటే మనిషినే ఒక బ్రాండుగా మలచడం గురించి, నేను శిక్షణ తరగతుల్లో ధీమాగా చెబుతూ వచ్చిన మాటలు కొన్నింటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను, బ్రాండు పేరు చెప్పడం లేదు. ఆ పేరులో ఒక ప్రాంతమూ, ‘పిన్ని’ అనే వరసా కలిసి ఉన్నాయని తెలిస్తే చాలు.

పూర్వాపరాలు

ఆవిడ ఒక ప్రైవేటు పాఠశాలలో ఇరవై రెండేళ్ళు హిందీ చెప్పి, మోకాళ్ళ నొప్పులతో ఉద్యోగం మానేశారు. 2019లో కొడుకు సరదాగా సెల్‌ఫోన్‌తో తీసిన ముక్కల పులుసు వీడియో నలుగురికీ నచ్చడంతో చానెల్ మొదలైంది. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే యూట్యూబ్ 2018లో తెచ్చిన నిబంధన ప్రకారం అప్పట్లో వెయ్యి మంది చందాదారులూ, ఏడాదిలో 4,000 గంటల వీక్షణా ఉండాలి. లాక్‌డౌన్ రోజుల్లో, ఊళ్ళకు ఊళ్ళు ఇళ్ళలో కూర్చుని ఉన్నప్పుడు, ఆ గీత వాళ్ళకు తెలియకుండానే దాటిపోయింది. చూసినవాళ్ళు పచ్చడి పంపమని అడగడం మొదలుపెట్టారు. 2021 వేసవికి వాకిట్లో జాడీలు, వసారాలో తూకం, ముందుగదిలో అట్టపెట్టెలు చేరాయి.

కొడుకు వృత్తిరీత్యా వీడియో ఎడిటర్ కావడం వల్ల, ఏది ఎక్కువమందికి నచ్చుతోందో లెక్కలు చూసి ఒక కాగితం తయారుచేశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైలులో ఉంది. నేత చీర, పెద్ద బొట్టు, తలలో మల్లెపూలు, వీడియో మొదట్లో ‘ఆయ్, రండి రండి’ అనే పిలుపు, మాటమధ్యలో నవ్వు, చివర ‘పిన్ని చెయ్యి, పుట్టింటి రుచి’ అనే వాక్యం, దాని తర్వాత భర్త రుచి చూసి తీర్పు చెప్పడం. చేతిపని తెలిసినవాడు రాసిన కాగితమది. అందులో తప్పులు వెతకమంటే ఆనాడు నాకు ఒక్కటీ కనిపించలేదు.

2023 ఆగస్టులో భర్త గుండెపోటుతో పోయారు. ఇంట్లో ఎవరికీ గుర్తులేని విషయం ఒకటుంది: ముందుగా తీసి, తేదీలు పెట్టి ఉంచిన వీడియోలు యూట్యూబ్‌లో తమంతట తాము విడుదలవుతూనే ఉన్నాయి. మూడో రోజు సాయంత్రం, ఇంటినిండా చుట్టాలుండగా, దోసకాయ పప్పు వీడియో బయటికి వచ్చింది. అందులో ఆయన కంచం ముందు కూర్చుని, ఒక ముద్ద నోట పెట్టుకుని, కెమెరా వైపు చూసి, ‘ఆయ్, బాగుందండి. ఉప్పే కూసింత తగ్గింది’ అన్నారు. దాని కింద మూడు వందలకు పైగా వ్యాఖ్యలు వచ్చాయి. బాబాయిగారి నిజాయితీని మెచ్చుకుంటూ రాసినవే ఎక్కువ.

మూడు నెలలు చానెల్ ఆగింది, ఆర్డర్లు ఆగలేదు. కొడుకు నా దగ్గరికి తెచ్చిన ప్రశ్న, అతని మాటల్లోనే చెప్పాలంటే, ‘అమ్మ మళ్ళీ కెమెరా ముందుకు వస్తే బొట్టు పెట్టుకోవాలా, మానాలా? పెట్టుకుంటే ఒక రకంగా తిడతారు, మానేస్తే బ్రాండు పోతుంది.’

మొదటి సిట్టింగు, నా మొదటి తప్పు

నేను వెళ్ళేసరికి ఆవిడ వసారాలో కూర్చుని అల్లం పొట్టు గీకుతున్నారు. అలవాటు ప్రకారం ‘నమస్కారం పిన్నిగారూ’ అన్నాను. ఆవిడ చాకు పక్కన పెట్టి, ‘మీరు కూడా పిన్నిగారంటే ఎలాగండీ?’ అన్నారు. మరి ఏమని పిలవమంటారని అడిగితే కాసేపు ఆలోచించి, టీచరుగారు అనమన్నారు. ఈ వ్యాసంలో అలాగే రాస్తాను. నిజానికి ఈ కేసు మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది, కానీ ఆ రోజు నేను దాన్ని మర్యాదకు సంబంధించిన చిన్న విషయంగా తీసుకుని, నోటుబుక్కులో కూడా రాసుకోలేదు.

బొట్టు గురించి ఆ ఇంట్లో అప్పటికే చాలా చర్చ జరిగింది. ఆడపడుచు ఒకటి అన్నారట, పక్కింటివాళ్ళు ఇంకొకటి అన్నారట. నేను మాత్రం వృత్తిలో అందరూ చేసే పని చేశాను. జరిగింది దాచకుండా చెప్పేస్తే చూసేవాళ్ళు దగ్గరవుతారని, ఒక ‘తిరిగి వస్తున్నాను’ వీడియోకు స్క్రిప్టు రాసిచ్చాను. ఆయనకిష్టమైన మాగాయ కలుపుతూ, ఆయన గురించి నాలుగు మాటలు, ఒక చోట ఆగడం, తర్వాత చిన్న నవ్వు. టీచరుగారు చెప్పినట్టే చేశారు. ఇరవై రెండేళ్ళు పాఠం అప్పచెప్పించిన మనిషికి నాలుగు పేరాలు కంఠతా పట్టడం కష్టం కాదు. తీసిన వీడియో చూపించినప్పుడు చివరిదాకా చూసి, ‘ఇది నాకు జరిగినట్టు లేదండీ, ఎవరిదో కథ చెబుతున్నట్టుంది. తీసెయ్యండి’ అన్నారు.

తీసేశాం. ఎడిటింగుకు పట్టిన రెండు రోజులకు నేను రుసుము తీసుకోలేదు. ఆ స్క్రిప్టులో నేను చేసిన తప్పేమిటో అప్పటికి నాకు స్పష్టంగా అర్థం కాలేదు కానీ, దుఃఖాన్ని కూడా ఆ కాగితంలోని ‘మాటమధ్యలో నవ్వు’ పక్కన ఇంకొక అంశంగా చేర్చాననే సిగ్గు మాత్రం మిగిలింది.

‘తిన్నావేటి?’

మూడో సిట్టింగు నాడు మేము మాట్లాడుతుండగా బొబ్బిలి నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేశారు. టీచరుగారు వంటగదిలోకి వెళ్ళి మాట్లాడారు, తలుపు తెరిచే ఉంది. ‘ఏటే, తిన్నావేటి? గుంట బడికెళ్ళిందా?’ అని మొదలుపెట్టి పది నిమిషాలు మాట్లాడారు. అందులో ఒకసారి బిగ్గరగా నవ్వారు. అప్పటికి నేను ఆవిడ వీడియోలు అరవై చూసి ఉంటాను. అందులో ఎక్కడా వినపడని గొంతు అది, ఎక్కడా కనపడని నవ్వు అది.

తిరిగి వచ్చాక అడిగితే విషయం బయటపడింది. ఆవిడ పుట్టి పెరిగింది విజయనగరం జిల్లాలో. పెళ్ళయి ఇటు వచ్చాక మొదట్లో ‘ఏటి’ అన్నందుకు అత్తవారింట నవ్వారు, బళ్ళో పిల్లలు నవ్వారు. క్రమంగా బళ్ళో పుస్తకాల తెలుగు, ఇంట్లో తక్కువ మాటలు అలవాటయ్యాయి. గోదావరి యాస ఆవిడది కాదు, భర్తది. చానెల్‌లో ‘ఆయ్’ అనమన్నప్పుడు ఆయన అనే తీరును చూసి నేర్చుకున్నారు. మొదటి వారం ఆయనే పక్కన కూర్చుని దిద్దారట. ‘పుట్టింటి రుచి’ అని చెబుతూ వచ్చిన వంటల్లో ముప్పాతిక వంతు అత్తగారు నేర్పినవి. పుట్టింటి బెల్లం పులుసు, నువ్వుల పొడి చల్లి దించే కూరలు చానెల్‌లో ఒక్కసారి కూడా రాలేదు, అవి గోదావరి వంటలు కావు కనుక.

‘బొట్టు సంగతి నేను చూసుకుంటానండీ. మా అబ్బాయికీ, మీకూ అదే పెద్ద విషయంలా ఉంది. నాకు ఆ ఆయ్ తీసెయ్యండి. అది ఆయన మాట. నేనంటుంటే నాకు ఆయన వినపడుతున్నారు.’

నేను అప్పటిదాకా చూస్తున్నది బొట్టు, పూలు, చీర. చూసేవాళ్ళ కంటికి తగిలేవి అవే కనుక సమస్య కూడా అక్కడే ఉంటుందనుకున్నాను.

వేషం, దాని ఒప్పందం

మనుషులు తమను తాము ఒక బ్రాండుగా చూసుకోవాలన్న వాదన ప్రపంచమంతా పాకడానికి 1997లో అమెరికా పత్రిక ఫాస్ట్ కంపెనీలో టామ్ పీటర్స్ రాసిన వ్యాసం పెద్ద కారణం. ఉద్యోగాలు నిలకడ తప్పిన కాలంలో, సంస్థను కాక తన పేరునే నమ్ముకోమని అది చెప్పింది. ఆ సలహాలో తప్పు లేదు. తర్వాతి కాలంలో దానికి ‘అథెంటిక్‌గా ఉండండి’, అంటే లోపల ఉన్నట్టే బయటా ఉండండి అనే రెండో సలహా తోడైంది. నా అభిప్రాయంలో చిక్కు ఈ రెండింటి కలయికలో ఉంది.

నలుగురిలో మనిషి ప్రవర్తనను నాటకరంగంతో పోల్చి, వేదిక మీది నడవడి, తెర వెనకటి నడవడి అని విడదీసి చూపినవాడు సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్. 1950ల చివర్లో ఆయన చెప్పింది అప్పటికి కొత్త కావచ్చు కానీ, పగటివేషాలు చూసిన మన ఊళ్ళకు అందులో పరాయితనం లేదు. వేషగాడు రోజుకొక వేషం కట్టి వీధిలోకి వస్తాడు, చివరన సంభావన అడుగుతాడు. అతను శివుడు కాడని వీధిలో అందరికీ తెలుసు, తెలిసే దణ్ణం పెడతారు. వేషం విప్పాక అతను ఇంట్లో ఎలా ఉంటాడని ఎవరూ నిలదీయరు. కూచిపూడిలో పురుషులు సత్యభామ పాత్ర కట్టడం, రంగస్థలం మీద స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలకు పేరుపొందడం కూడా ఈ ఒప్పందం మీదే నడిచాయి. చూసేవాడికీ, ఆడేవాడికీ మధ్య గీత ఉంది, అది ఇద్దరికీ తెలుసు.

వ్యక్తిగత బ్రాండింగులో కట్టేది వేషమే. అయితే అది వేషం కాదని, లోపలి మనిషే బయటికి వచ్చాడని చూసేవాళ్ళకు హామీ ఇస్తాం. గీత చెరిపేస్తాం. రోజులు బాగున్నంతకాలం దీనివల్ల ఎవరికీ నష్టం ఉండదు. మనిషి మారవలసి వచ్చిన రోజున, అంటే చావు, జబ్బు, విడాకులు, చివరికి వయసు మీదపడటం కూడా, ఆ మార్పు వాగ్దానభంగంలా కనిపిస్తుంది. టీచరుగారి వీడియోల కింది వ్యాఖ్యల్లో ‘మా పాత పిన్ని కావాలి’ అన్నవాళ్ళు క్రూరులు కారు. వాళ్ళకు అమ్మిన సరుకు అదే.

అమెరికాలో విమాన పరిచారికల ఉద్యోగాన్ని పరిశీలించిన ఆర్లీ హోక్‌షీల్డ్, జీతం కోసం నవ్వవలసి రావడాన్ని కూడా ఒక శ్రమగా లెక్కకట్టాలని 1983లో వాదించారు. పరిచారికకు కనీసం షిఫ్టు అయిపోయే వేళ ఒకటి ఉంటుంది. తన వంటగదిలోనే, తన భర్త పక్కనే, తన వరసతోనే నవ్వే మనిషికి ఆ వేళ ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

తెలుగులో ‘పేరు’ అన్న మాటకు రెండు పనులున్నాయి. పెట్టుకునేది పేరే, తెచ్చుకునేది పేరే. బ్రాండు సలహాదారులం ఈ రెండింటినీ ఒకటిగా అతికించి అమ్ముతాం. పెళ్ళితో ఇంటిపేరు మారి, ఊరు మారి, యాస మార్చుకుని, బళ్ళో ‘టీచర్’ అయి, చానెల్‌లో ‘పిన్ని’ అయిన ఈవిడకు అవి ఎప్పుడూ ఒకటి కావు. ఇందులో ఏది అసలు మనిషి అని నేను అడగలేదు, అది అడగదగిన ప్రశ్న అని కూడా అనుకోను. గోదావరి యాస నటనే అయినా, ముప్పై ఏళ్ళ కాపురంలో పక్కనున్న మనిషి నుంచి అబ్బిన నటన. దాన్ని అబద్ధమని కొట్టిపారేయలేం. నేను అడగవలసిన ప్రశ్న చిన్నది: ఇందులో ఆవిడ రేపు కూడా చేయగలిగిందీ, చేయడానికి ఇష్టపడేదీ ఏది?

చీటీలు

వీడియోల కింది వ్యాఖ్యలు పక్కన పెట్టి, రెండోసారి, మూడోసారి పచ్చడి కొన్నవాళ్ళు పంపిన వాట్సాప్ సందేశాలు చదివాను. అక్కడ చీర లేదు, బొట్టు లేదు. ముక్క మెత్తబడలేదని, నూనె పైకి తేలి ఉందని, డాలస్‌లో కూతురికి పంపినా కారలేదని రాశారు. ఇవి కాక ఒక విషయం చాలామంది రాశారు: పెట్టెలో పెట్టిన చీటీ. ప్రతి పెట్టెలోనూ టీచరుగారు తన గుండ్రటి అక్షరాలతో ఒక చీటీ రాసి పెట్టేవారు. ‘తడి గరిటె పెట్టకండి. ఈసారి కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ దొరకలేదు, జలాలు వేశాను, పులుపు కొద్దిగా తేడా ఉంటుంది.’ కొడుకు కాగితంలో ఈ చీటీ ప్రస్తావనే లేదు. అది బ్రాండింగు అని వాళ్ళెవరూ అనుకోలేదు, టీచరుగారు అసలే అనుకోలేదు. తప్పు జరిగితే ముందే చెప్పడం బళ్ళో అలవాటని అన్నారు.

కొడుకు

నాలుగో సిట్టింగులో ‘ఆయ్’ తీసేద్దామని చెప్పినప్పుడు కొడుకు గట్టిగా వ్యతిరేకించాడు. మొదట లెక్కలు చూపించాడు, తర్వాత ఇతర చానెళ్ళను ఉదాహరించాడు. కంట్రీ ఫుడ్స్ మస్తానమ్మ గారు నూరేళ్ళు దాటిన వయసులో 2018 డిసెంబరులో పోయారు. గ్రాండ్‌పా కిచెన్ నారాయణ రెడ్డి గారు 2019 అక్టోబరులో పోయారు, ఆ చానెల్ ఆ తర్వాతా నడిచింది. మనిషి పోయినా నిలిచినప్పుడు, మనిషి ఉండగా ఎందుకు మార్చాలి అన్నది అతని ప్రశ్న. నారాయణ రెడ్డి గారు పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకు పెట్టేవారు. ఆయన పోయినా ఆ పని మిగిలింది, ఇంకొకరు అందుకోగలిగారు. ఇక్కడ మనిషి ఉన్నారు, పోయింది వేషం అని చెప్పాను.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నాన్న గొంతు అమ్మ నోట్లోనైనా ఉంటుందనుకున్నానండీ’ అన్నాడు. అంతవరకు అతన్ని నేను వ్యాపార దృష్టి గల కుర్రాడిగానే చూశాను. తండ్రి పోయిన కొడుకు కూడా నా ఎదురుగా కూర్చున్నాడన్నది నా నోట్సులో మూడు నెలలపాటు ఎక్కడా లేదు. ఆ రోజు ఇంకేమీ చర్చించకుండా లేచి వచ్చేశాను.

చేసిన మార్పులు

పేరు మార్చలేదు. కర్నూలులో 1948లో మొదలైన మిఠాయి దుకాణానికి ఉన్న పుల్లారెడ్డి గారి పేరు తలచుకుంటే ఇప్పుడు మనిషి రూపం కాదు, నేతి వాసన గుర్తుకొస్తుంది. పేరు సరుకుకు అంటుకుంటే మనిషికి కొంత విడుదల దొరుకుతుంది. అందుకని పేరును జాడీ మీదే ఉంచి, ఆవిడ ఫోటోను లేబులు నుంచి తీసేశాం. ‘పుట్టింటి రుచి’ వాక్యం పోయింది. దాని స్థానంలో ప్రతి జాడీ మీదా ఆ పచ్చడి ఎవరి దగ్గర నేర్చుకున్నదో ఒక వరుస వచ్చింది: అత్తగారి మాగాయ, అమ్మ చింతకాయ పచ్చడి. చీటీలు ఉన్నాయి, చేతిరాతతోనే. అచ్చు వేయిద్దామని నేనంటే టీచరుగారు ఒప్పుకోలేదు, ఆవిడదే సరైన మాట.

చట్టపరమైన చిక్కు ఒకటి మధ్యలో బయటపడింది. అప్పటికే కొడుకు తన పేరు మీద ట్రేడ్‌మార్కు దరఖాస్తు పెట్టాడు, అందులో తల్లి ముఖచిత్రం ముద్రగా ఉంది. దురుద్దేశం లేదు, ఫారం నింపినవాడు అతను. కానీ తన ముఖం మీద హక్కు కాగితాల్లో ఇంకొకరిది కావడమన్నది గుర్తింపు గురించిన చర్చలన్నింటికంటే సూటైన సంగతి. బతికున్న మనిషి పేరుతోనో రూపంతోనో సంబంధాన్ని సూచించే గుర్తుకు ఆ మనిషి రాతపూర్వక సమ్మతిని రిజిస్ట్రారు అడగవచ్చని 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 14వ సెక్షను చెబుతోంది. న్యాయవాది సలహాతో పాతది ఉపసంహరించి, బొమ్మ లేకుండా అక్షరాలతో మాత్రమే, టీచరుగారి పేరు మీద కొత్త దరఖాస్తు చేశాం. ట్రేడ్‌మార్కు నమోదు కోసం సరుకులను విడదీసిన పట్టికలో పచ్చళ్ళు 29వ తరగతిలోకి, పొడులు 30వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు.

వీడియోల్లో ఆవిడ ఇప్పుడు ముఖ్యంగా చేతులతో కనిపిస్తారు, గొంతు వినిపిస్తుంది. యాస ఏదని ఎవరూ నిర్దేశించలేదు. కొన్నిచోట్ల ‘ఏటి’ వస్తుంది, కొన్నిచోట్ల బడి తెలుగు వస్తుంది. బొట్టు విషయంలో ఆవిడ తీసుకున్న నిర్ణయమేమిటో నాకు తెలుసు, కానీ అది ఈ కేసు వివరాల్లోకి రాదు.

ఫలితం

2024 వేసవిలో ఆవకాయ ఆర్డర్లు అంతకుముందు ఏడాది కంటే తగ్గాయి. పాత కొనుగోలుదారులు దాదాపు అందరూ నిలిచారు, వీడియో చూసి కొత్తగా వచ్చేవాళ్ళు పలచబడ్డారు. చందాదారుల సంఖ్య కొన్నాళ్ళు పడి, ఆగింది. బెల్లం పులుసు వీడియో కింద శ్రీకాకుళం, పార్వతీపురం వాళ్ళు చేరి తమ తమ ఇళ్ళ పద్ధతులు రాశారు, వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు. వ్యాపారపరంగా చూస్తే దీన్ని విజయమని నేను చెప్పుకోలేను. కొడుకు బయట పెళ్ళిళ్ళ వీడియోల పని ఎక్కువగా ఒప్పుకుంటున్నాడు.

ఫోటో ఉన్న పాత స్టిక్కర్లు నాలుగు వేల దాకా మిగిలి ఉంటే, చించి పారేయడం దండగని టీచరుగారు వాటినే వాడారు. అందువల్ల లేబులు మార్పు అమలులోకి వచ్చేసరికి 2025 సంక్రాంతి అయింది. చివరి సమీక్షకు వెళ్ళిన రోజు ఒక్క విషయం మిగిలింది. దోసకాయ పప్పు వీడియోను తొలగించలేదు, దాని మీద ప్రకటనలు మాత్రం ఆపించాం. అవి కాక, తీసి ఉంచిన వాటిలో విడుదల కాని వీడియోలు మూడున్నాయి, మూడింటిలోనూ ఆయన రుచి చూస్తారు. వాటిని ఏం చేయాలని కొడుకు అడిగాడు. టీచరుగారు చీటీ రాస్తూ తల ఎత్తకుండా, ‘ఉండనీ నాన్నా, తర్వాత చూద్దాం’ అన్నారు. ఫైలులో ఆ గడి ఖాళీగా ఉంచాను.